ఈ పలకలు ఎవరివి?

"చెక్కలతో ఇల్లేందే? చెదలు పట్టవా? వానకి నానవా?"

ఇల్లు కట్టుకుంటున్నానని ఫోన్లో చెప్పిన రోజు నుంచీ అమ్మ అడుగుతున్నది ఇదే. భూమికి ఎంత పోశావు, అప్పు ఎవరిచ్చారు, ఆ కొండమీద ఒక్కదానివే ఎట్లుంటావు అన్నవన్నీ తర్వాత వచ్చాయి. ముందు గోడ గురించి అడిగింది. కర్నూలు మట్టిమిద్దెల్లో పుట్టి పెరిగిన మనిషికి ఇల్లంటే మూరెడు మందం గోడ. నేను కట్టేదానికి గోడ మందం ఆరంగుళాలు. అందులోనూ సగం గాలి, దూది. పైన కనిపించేది ముప్పావు అంగుళం చెక్క. ఆ ముప్పావు అంగుళం గురించే ఈ వ్యాసం.

నార్త్ కరొలైనా రాష్ట్రానికి పడమటి కొసన బ్లూరిడ్జ్ కొండలున్నాయి. అక్కడ 3,000 అడుగుల ఎత్తున, ఒక వాలు మీద, 12 అడుగుల వెడల్పు 20 అడుగుల పొడవుతో ఒకటే గది కట్టుకుంటున్నాను. హైదరాబాదులో సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి ఇక్కడొక కాలేజీలో ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. నాకు 37 ఏళ్లు. ఇప్పటికి పద్నాలుగు అద్దె ఇళ్లు మారాను. మా అమ్మ పేరున ఇల్లుగానీ సెంటు భూమిగానీ ఎప్పుడూ లేవు. అవ్వ పేరున అసలే లేవు. పావు ఎకరం రిజిస్టరయిన రోజు ఆ కాగితం మీద నా ఒక్కదాని పేరు చూసుకుని, ఫొటో తీసి అమ్మకి పంపాను. అక్షరాలు సరిగ్గా కనపడలేదని మళ్లీ పంపమంది. కనపడలేదనేది ఉత్తమాటే అనుకుంటా. రెండోసారి చూడాలనిపించి ఉంటుంది.

సెలవుల్లో, శని ఆదివారాల్లో, రెండు వేసవులు పట్టింది చట్రం లేవడానికి. "నేనే కట్టుకున్నాను" అని చెప్పుకోవడం నాకిష్టం. నిజానికి గోడ చట్రం పైకెత్తిన రోజు నలుగురు స్నేహితులు వచ్చారు. కరెంటు పని లైసెన్సున్న మనిషి చేశాడు. చట్రం మీద ప్లైవుడ్, దానిమీద బయటి నీళ్లని ఆపి లోపలి ఆవిరిని వదిలే తెల్లటి పొర చుట్టాం. అంతవరకూ పుస్తకంలో ఉన్నట్టు చేస్తే సరిపోయింది. ఆ తర్వాతిది సైడింగ్. అంటే ఎండకీ వానకీ ఎదురు నిలిచే పైతొడుగు. ఇక్కడికి వచ్చేసరికి పుస్తకం మనల్నే ఎంచుకోమంటుంది.

మొదట చూసింది ప్లాస్టిక్. దూరం నుంచి చెక్కలాగే ఉంటుంది, చెక్కమీది చారలు కూడా అచ్చేస్తారు. దుకాణంలో అబ్బాయి "మెయింటెనెన్స్ ఫ్రీ మేడమ్, ఒకసారి కొట్టి మర్చిపోవచ్చు" అన్నాడు. ఆ మాట నన్ను కాసేపు నిలబెట్టేసింది. పనీపాటా ఉండని ఇల్లు! ఏ ఆడమనిషి వద్దంటుంది? కానీ ఎందుకో అవ్వ గుర్తొచ్చింది. ప్రతి సంక్రాంతికీ ఎర్రమన్ను తెచ్చి, పేడ కలిపి, మెత్తి, సున్నం కొట్టేది. గోడ తాత కట్టించాడని ఊరంతా చెప్పుకుంది. నలభై ఏళ్లు దాన్ని నిలబెట్టిన చేతుల్ని ఎవరూ లెక్కలో వెయ్యలేదు. చెక్క కూడా మట్టిలాంటిదే, నాలుగైదేళ్లకోసారి నూనె పట్టించమని అడుగుతుంది. ఆ చాకిరీ గొప్పదని నేననను. ఆ చాకిరీ లేనట్టు నటించే గోడ మాత్రం నాకొద్దనిపించింది. (ఇది రాస్తున్నప్పుడు నడుం నొప్పిగా ఉంది. ప్లాస్టిక్ కొట్టుకున్నవాళ్లని ఏమీ అనే అర్హత నాకు లేదు.)

తర్వాత సీడర్. పడమటి తీరం నుంచి, ఎక్కువగా కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి వస్తుంది. దాని చేవలో ఉన్న తైలాలవల్ల తొందరగా కుళ్లదు, తేలిక, సువాసన. ఆ తీరపు ఆదివాసులు నిలబడి ఉన్న చెట్టు నుంచే, చెట్టుని చంపకుండా, పలకలు చీల్చి తీసుకునేవారు. పలక తీసిన మచ్చతో ఇంకా బతికున్న చెట్లు ఆ అడవుల్లో ఉన్నాయి. నాకు చూపించిన పలకలు మాత్రం అలా వచ్చినవి కావు. ముడి లేని పలక కావాలంటే ముసలి చెట్టునే కొట్టాలి. ధర విన్నాక నీతి గురించి ఆలోచించే పని తప్పింది.

మూడోది తెల్ల పైన్. 2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుపాను ఈ కొండల్ని ఊడ్చిపెట్టింది. వాగులు ఊళ్లమీదికి వచ్చాయి. వాలుల మీద చెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. మా కొండ కింద, ట్రాక్టరు వెనక కట్టి లాక్కెళ్లే చిన్న రంపపు మిల్లు నడిపే ఒకావిడ ఉంది. అరవై దాటిన మనిషి. పడిపోయిన పైన్ చెట్లు ఏరి పలకలు కోస్తోంది. నెలల తరబడి నేలమీద పడుండటంతో చెక్కలోకి నీలి చారలెక్కాయి. బలం తగ్గదు, అందం తగ్గిందని ధర తగ్గిస్తారు. పచ్చి పలక కొడితే ఏమవుతుందో ఆవిడే నేర్పింది. ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. అందుకని పలకల్ని నిలువుగా, మధ్య కొంచెం సందు వదిలి కొట్టాలి. సందు మీద సన్నటి పట్టీ వేస్తారు. పట్టీకి కొట్టే మేకు సందులోంచే పోవాలి గానీ పలకల్లోకి దిగకూడదు. రెండు పక్కలా బిగిస్తే ఎండిననాడు పలక నడిమికి చీలుతుంది. వెనక గాలి ఆడటానికి ముప్పావు అంగుళం ఖాళీ. అడుగు కొసలు నేలకి ఎనిమిదంగుళాల పైన. కోసిన ప్రతి కొసకీ నూనె, ఎందుకంటే చెక్క నీళ్లు తాగేది కొసల నుంచే.

ఇక్కడితో ఆగుంటే ఈ వ్యాసం అక్కరలేకపోయేది. ఆ మిల్లు దగ్గరే కూల్చివేత పనులు చేసే కాంట్రాక్టరు ఒకతను కనిపించి, "చెస్ట్‌నట్ ఉంది, చూస్తావా?" అన్నాడు.

అమెరికన్ చెస్ట్‌నట్ అంటే ఈ కొండలవాళ్లకి మనకి వేపచెట్టు లాంటిది. దూలాలు, కంచెలు, ఉయ్యాలలు, శవపేటికలు అన్నీ దానితోనే. ఆసియా మొక్కలతోపాటు వచ్చిన ఒక బూజు తెగులుని 1904లో న్యూయార్కులో గుర్తించారు. ఆ తర్వాత యాభై ఏళ్లలోపే దాదాపు 400 కోట్ల చెట్లు పోయాయని అంచనా. ఇప్పటికీ వేళ్ల నుంచి పిలకలొస్తాయి, చెట్టంత అయ్యేలోపు తెగులు తగిలి చస్తాయి. అందుకని చెస్ట్‌నట్ పలక కావాలంటే పాత ఇల్లో పాత కొట్టమో కూలాలి, ఇంకో దారి లేదు. వందేళ్లు వానలో నిలబడ్డా కుళ్లని చెక్క. పడమటి గోడకి అంతకన్నా మంచిది దొరకదు.

అతని షెడ్డుకి వెళ్లి చూశాను. వెండిరంగు తిరిగిన పలకలు. ఇనప మేకులున్న చోటల్లా నల్లటి కన్నీటి చారలు, చెస్ట్‌నట్‌లోని వగరు ఇనుముతో కలిస్తే అలా నల్లబడుతుంది. ఒక పలక తిప్పి చూశాను. వెనక వార్తాపత్రిక ముక్కలు అంటించి ఉన్నాయి. గాలి రాకుండా ఇక్కడి పేద ఇళ్లల్లో లోపలి వైపు కాగితాలు అంటించేవాళ్లు. అదేదో దుస్తుల ప్రకటన, పొడుగు గౌనులో ఒక స్త్రీ, తల చిరిగిపోయి ఉంది. ఎవరింటివని అడిగాను. వాగు పక్కన ఒక ముసలమ్మ ఇల్లనీ, తుపానులో పునాది మీంచి జరిగిపోయిందనీ, ఆమె వేరే రాష్ట్రంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందనీ చెప్పాడు. కూల్చినందుకు కూలీ బదులు కలప తీసుకున్నాడట. "నువ్వు కొనకపోతే ఏదో రెస్టారెంటుకి పోతుంది, గోడమీద అలంకారానికి" అన్నాడు. అది నిజమే.

వారం రోజులు నిద్ర పట్టలేదు అంటే అతిశయోక్తి. రెండు రాత్రులు పట్టలేదు.

నేను థోరో రాసిన 'వాల్డెన్' పాఠం చెప్తుంటాను. అడవిలో గది కట్టుకునే ప్రతివాళ్లకీ అదే పురాణం. 1845లో వాల్డెన్ చెరువు పక్కన, స్నేహితుడు ఎమర్సన్ భూమిలో, 10 అడుగులు 15 అడుగుల ఇల్లు. ఖర్చు మొత్తం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని పద్దు రాసి మరీ చూపిస్తాడు. సుద్దముక్క ఒక సెంటుతో సహా. నా విద్యార్థులకి ఆ జాబితా భలే నచ్చుతుంది. అందులో అన్నిటికన్నా పెద్ద పద్దు పలకలది, ఎనిమిది డాలర్ల చిల్లర. ఆ పలకలు చాలావరకు ఎక్కడివో అతనే చెప్తాడు. రైల్వే పనికి వచ్చిన జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసె. నాలుగుంబావు డాలర్లకి కొన్నాడు. లోపల మంచం, పొయ్యి, ఒక పసిబిడ్డ, పట్టుగొడుగు, బంగారు చట్రం అద్దం, కాఫీ మర. ఇల్లంతా చూపించింది కాలిన్స్ భార్య, దీపం పట్టుకుని. మర్నాడు పొద్దున ఆరింటికి ఆ కుటుంబం ఒక పెద్ద మూటతో రోడ్డు మీద వెళ్తుంటే అతనికి ఎదురయింది. పిల్లి మాత్రం వెనకే ఉండిపోయింది. అతను గుడిసె విప్పి, మేకులు పీకి, పలకల్ని వంపులు పోయేదాకా గడ్డిమీద ఎండబెట్టాడు.

చాలాసార్లు చెప్పిన పాఠం. ఆ పట్టుగొడుగు గురించి నవ్వుతూ చెప్పేదాన్ని. గొడుగు పట్టుకుని ఆ తల్లి ఎక్కడికి పోయిందని నేనెప్పుడూ అడగలేదు, పిల్లలూ అడగలేదు. పద్దులో ఆమెకి పేరు లేదు. ఇంకోచోట ఖర్చులు లెక్కేస్తూ, బట్టలు ఉతకడం, కుట్టుకోవడం చాలావరకు బయటే జరిగాయనీ వాటి బిల్లు ఇంకా రాలేదనీ రాస్తాడు. అతను దాచలేదు, అది ఒప్పుకోవాలి. దాచనివాణ్ణి పట్టుకుని మనం ఇంత కోపంగా చదువుతాం, అసలు పద్దే రాయనివాళ్లని ఏమీ అనం.

మనకి మన పురాణం వేరే ఉంది. 1929లో వర్జీనియా వుల్ఫ్ చెప్పిన గది. మనలో ఎంతమందిమి ఆ గదిని తలుచుకుని ఉద్యోగాలు వెతుక్కున్నాం, సంసారాల్లోంచి లేచి వచ్చాం! నేనూ ఆ వరసలోదాన్నే. గదితోపాటు ఏడాదికి 500 పౌన్లు ఉండాలంటుంది కదా, ఆ వ్యాసంలో కథ చెప్పే ఆవిడకి ఆ డబ్బు చనిపోయిన మేనత్త వల్ల వచ్చింది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రపు స్వారీ చేస్తూ పడి చనిపోయింది. ఎమ్మే రోజుల్లో బొంబాయి అన్న మాట దగ్గర నేను ఆగలేదు. గుర్రాన్ని తోమినవాళ్లు, ఆ మేనత్తకి ఆ డబ్బు ఎట్లా వచ్చింది, ఇవేవీ నా ప్రశ్నలు కావు. నాకు కావాల్సింది గది తాళం.

మరి నా తాళం? ఈ కొండలు చెరోకీలవి. వాళ్లలో వంశం తల్లి వైపు నడిచేది. ఇల్లూ పొలమూ స్త్రీలవి, పెళ్లయితే మగవాడే ఆమె ఇంటికి వచ్చేవాడు. తెల్లవాళ్ల చట్టాల పద్ధతి నెత్తికెక్కించుకున్నాక, 1827లో రాసుకున్న రాజ్యాంగంలో ఆడవాళ్లకి ఓటు లేదు. 1838లో సైన్యం వచ్చి మొత్తం జాతినే పడమటికి తోలింది. దారిలో వేలమంది చనిపోయారు. పారిపోయో మరోలాగో మిగిలినవాళ్ల వారసులు ఇక్కడికి దగ్గర్లోనే, క్వాలా బౌండరీలో ఉన్నారు. అంటే నా పేరు ఒక్కటే ఉందని మురిసిపోయి అమ్మకి పంపిన కాగితం, ఆడవాళ్ల పేరున ఉన్న ఇళ్లని ఖాళీ చేయించిన నేల మీద పుట్టిన కాగితం. ఇది తెలిసే కొన్నాను. తెలిసినంతమాత్రాన తక్కువ కొన్నట్టు కాదు.

"ఇంత నేల సంగతి మింగి, తొమ్మిది పలకల దగ్గర ఎందుకు గొంతుకి అడ్డం పడుతోంది నీకు?" అని ఒక స్నేహితురాలు అడిగింది. సరైన ప్రశ్నే. జవాబు సిద్ధాంతంలో దొరకలేదు, అవ్వ దగ్గర దొరికింది.

అవ్వది శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన ఊరు. అప్పటి కర్నూలు జిల్లా, నందికొట్కూరు తాలూకా. 1981 వేసవిలో బుల్డోజర్లు వచ్చి ఇళ్లు కూల్చాయి. అంతకుముందు కలప కొనేవాళ్లు వచ్చారట ఊళ్లమీద. మునిగేదానికి ధర ఏముంటుంది? దూలాలు, దంతెలు ఎంతకడిగితే అంతకి ఇచ్చేశారు. అవ్వ ద్వారబంధం మాత్రం అమ్మనివ్వలేదు. బండిమీద తెచ్చుకుంది. తీరా కొత్త కాలనీలో వేసుకున్న ఇంటి గోడకి అది పట్టలేదు, పెద్దదయింది. నేను పుట్టి బుద్ధెరిగేసరికి అది పెరట్లో గోడకి ఆనించి ఉండేది. దానికి మేకని కట్టేసేవాళ్లు. దాంట్లోంచి అటూ ఇటూ దాటడం మా ఆట. ఏ ఇంటిలోకీ తెరుచుకోని గుమ్మం.

కొన్నేళ్ల తర్వాత అవ్వ ఏదో పెళ్లికి పోయింది, దూరపు చుట్టాల ఇల్లు. బంతిలో కూచుని తల పైకెత్తితే దూలం. దూలానికి ఉయ్యాల కొక్కెం. కొక్కెం పక్కన మా పెదనాయన చిన్నప్పుడు కత్తితో గీకిన గీతలు. తన ఇంటిదే. పుట్టిన ఐదుగురినీ ఆ దూలానికే ఊపింది. ఏమీ అనకుండా అన్నం తిని వచ్చింది. నేను కాలేజీలో ఉండగా ఈ సంగతి చెప్పింది. "ఏడుపు రాలేదా అవ్వా?" అన్నాను.

"ఎందుకే ఏడ్చేది? దూలం యాడున్నా దూలమే. బాగుంది, చెద పట్టలే. మంచిగ సూసుకుంటున్నారు." కాసేపాగి, "ఆ ఇంటామె నాకు రెండుసార్లు పప్పేసింది. ఇది ఏ ఊరిదో ఆమెకి తెలీదు. ఎవరన్నా అడిగింటే గదా తెలిసేది" అంది.

ఆ ఇంటామె స్థానంలో నన్ను పెట్టుకుని చూసుకున్నాను. పప్పు వడ్డిస్తూ, నెత్తిమీద ఎవరి ఉయ్యాల కొక్కెం ఉందో తెలియకుండా. ఆమె దొంగ కాదు, మోసగత్తె కాదు. మంచి మనిషే అయ్యుంటుంది. ఆమెకి ఆ ప్రశ్న తట్టే అవసరం రాలేదంతే. నాకు ఆ అవసరం రాలేదని ఇప్పుడు చెప్పడం కుదరదు. చెరోకీ స్త్రీలకి నేను ఫోన్ చెయ్యలేను. ఈ ముసలమ్మ బతికే ఉంది, ఆమెకి ఫోన్ ఉంది.

మిల్లావిడకి ఆమె తెలుసు, ఒకే చర్చి. ముందు తనే మాట్లాడి, ఆవిడ సరేనన్నాక ఫోన్ నా చేతికిచ్చింది. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను గానీ చదవలేదు. పలకల గురించి చెప్పగానే ఆవిడ అడిగిన మొదటి మాట: "ఏ గోడవి?"

కాగితాలు అంటించినవి అన్నాను.

"వంటింటివి. మా అత్తగారు అంటించింది. పిండి జిగురు. ఎలుకలు నాకేసేవి, మళ్లీ అంటించేవాళ్లం."

డబ్బు మీకేమైనా ఇచ్చారా అని అడిగాను. అడగడం తప్పేమో అనిపించింది, అప్పటికే అడిగేశాను. ఆవిడ నవ్వింది. ఇల్లు మామగారి పేరున ఉండేదట. ఆయన వీలునామా రాయకుండా పోయాడు. కాగితాలు ఎవరూ మార్చలేదు. భర్త పోయేసరికి వారసులు పదకొండు మంది. కూల్చడానికి సంతకం పెట్టింది ఎవరో మరిది కొడుకు. ఆవిడకి చర్చివాళ్లు చెప్తే తెలిసింది. యాభై రెండేళ్లు ఊడ్చి తుడిచిన ఇల్లు. "నాదెప్పుడు గనక?" అంది, మా అవ్వ అన్నట్టే, ఎవరిమీదా నేరం మోపకుండా. ఆ తర్వాత, "నువ్వొక్కదానివే ఉంటావా అక్కడ? భయం లేదా?" అంది. ఉందన్నాను. "పడమటి వైపు పట్టీలు దగ్గరదగ్గరగా కొట్టు. అక్కడి గాలి నాకు తెలుసు."

పలకలు కొన్నాను. కాంట్రాక్టరుకి అతనడిగింది ఇచ్చాను. కూలీ బదులు కలపకి ఒప్పుకున్నవాడు, అతనికీ సంసారం ఉంది. నాలుగు గోడలకీ చాలవు, పడమటి గోడ వరకే. మిగతా మూడిటికీ నీలి చారల పైన్. ఫోన్ చేసింది ఆవిడ కోసమా, నా నిద్ర కోసమా అన్నది నేనింకా తేల్చుకోలేదు. ఆవిడ ఒప్పుకోకపోతే మానేసేదాన్నా? మానేసేదాన్ననే అనుకుంటున్నాను. కానీ ఒప్పుకుంటుందని గొంతు వినగానే నాకు తెలిసిపోయింది, తెలిశాకే ధైర్యంగా అడిగాను.

ఈ ఆదివారం ఏడు పలకలు కొట్టాను. స్టెయిన్‌లెస్ మేకులు, మళ్లీ నల్ల చారలు పడకుండా. పాత చారలు అలాగే ఉన్నాయి. కాగితాలున్న పలకలు రెండు. వాటిని బయటికి పెడితే ఒక్క వానకి కాగితం పోతుంది, లోపలికి పెడితే తెల్లపొర వెనక ఎవరికీ కనపడదు. ఒకటి ఆవిడకి పంపనా అని అడిగాను. కొడుకు అపార్టుమెంటులో ఎక్కడ పెట్టుకుంటాను అంది. మర్నాడు మళ్లీ తనే చేసి, మూడడుగులు కోసి పంపమంది. తల చిరిగిన గౌను బొమ్మ ఉన్న ముక్క.

అమ్మ ఫోన్ చేసి గోడ ఎంతయిందని అడిగింది. నా దగ్గర గీతల నోటుపుస్తకం ఒకటుంది, థోరోలాగే అన్నీ రాస్తున్నాను. మేకులు, నూనె, పట్టీలు, పైన్ పలకలు, కాంట్రాక్టరు, పోస్టేజీ చదివి వినిపించాను. ఒక గడిలో ఆవిడ పేరు ఉంది, ఎదురుగా అంకె లేదు.

"అదెంత?" అంది అమ్మ.

రెండుసార్లు అడిగాను. ఆలోచించుకుని చెప్తానంది. ఇంకా చెప్పలేదు.